గేదెకీ ఉండాలి ఓ నర్సమ్మ!

కనుమ నాడు కాకైనా కదలదంటారు. అలాంటి కనుమ నాడు తెల్లవారుజామున మా అమ్మ గేదె కూలబడిపోయింది.

2025 సంక్రాంతికి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళాను. మా పుట్టిల్లు కొల్లేటి లంకల్లో ఒక చిన్న ఊరు. తాడేపల్లిగూడెంలో బస్సెక్కి ఏలూరులో దిగి, అక్కణ్ణించి కైకలూరు వైపు ఇంకో బస్సు పట్టుకుని, చివర్లో ఆటోలో కుదుపులు తిని చేరాలి. నాన్న పోయాక అమ్మ అక్కడ ఒక్కతే, రెండు గేదెలతో ఉంటోంది. "మా దగ్గరికి వచ్చెయ్యమ్మా" అంటే, "గేదెల్ని మీ మేడ మీద కడతావా?" అంటుంది. పాల డబ్బు ఆవిడ సొంత డబ్బు. మనవలకి పండక్కి బట్టలు పెట్టినా, తన బీపీ బిళ్ళలు కొనుక్కున్నా అందులోంచే. ఆ గేదె వెలని మనం లెక్కేసుకునేది వేలల్లోనే గానీ అమ్మకది చెయ్యి చాచనవసరంలేని ధైర్యం.

గేదె భోగి రాత్రి ఈనింది. నాలుగో ఈత. పెయ్యదూడ. ఇంటిల్లిపాదీ సంతోషించాం. కనుమ నాడు పసుపూ కుంకుమా పెడదామని అమ్మ చీకటితోనే పాకలోకి వెళ్ళింది. మరుక్షణం ఆవిడ కేక! పరిగెత్తుకెళ్ళి చూస్తే గేదె కాళ్ళు ముడుచుకుని పడి ఉంది. మెడ వెనక్కి తిప్పి డొక్క మీద వాల్చేసింది. చెవులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ముట్టె ఎండిపోయింది. పిలిస్తే పలకదు, అదిలిస్తే కదలదు.

"నిన్న వచ్చినవాళ్ళంతా పొదుగు చూసి వెళ్ళారే! దిష్టి కొట్టింది" అంటూ అమ్మ వాము కషాయం కాచడానికి పొయ్యి ముట్టించింది. నాకు మాత్రం కాళ్ళలో వణుకు మొదలైంది. ఎందుకంటే నేనిది ఒకసారి చూశాను.

నేను ఆరో తరగతిలో ఉండగా మా ఇంట్లో ఇలాగే ఒక గేదె ఈనిన రెండో రోజు పడిపోయింది. మా చుట్టుపక్కల ఊళ్ళకి అప్పట్లో ఇంజక్షన్లు వేసే మనిషి ఒకాయన ఉండేవాడు. ఎక్కడో ఎవరి దగ్గరో కొన్నాళ్ళు సంచీ మోశాడట, అదే చదువు. ఆయన సైకిలు మీద వచ్చి, మెడ దగ్గర సూది గుచ్చి, సీసా ఎత్తి పట్టుకున్నాడు. మందు గబగబా దిగిపోయింది. "చూశారా, ఎంత తొందరగా ఎక్కిందో!" అని ఆయన అంటూండగానే గేదె ఒక్కసారి కొట్టుకుని ప్రాణం వదిలేసింది. "రాత బాగోలేదు" అని అందరం అనుకున్నాం. ఆయన డబ్బులు కూడా తీసుకోలేదు పాపం. తప్పెక్కడ జరిగిందో ఆయనకీ తెలియదు, మాకూ తెలియదు.

"బాటిల్ నా సంచీలోనే ఉంది, మామ్మగారూ!"

ఈసారి ఫోను చేస్తే ఒక అమ్మాయి వచ్చింది. ఊరి పశు సంవర్ధక సహాయకురాలు. పాతికేళ్ళుంటాయేమో. చుడీదార్ మీద మోకాళ్ళ దాకా కోటు, కాళ్ళకి గమ్‌బూట్లు, స్కూటీకి వెనక ఐస్ పెట్టె. పండగపూటే, పిలిచిన ఇరవై నిమిషాల్లో వచ్చింది. పేరు రాయొద్దంది కాబట్టి రాయడంలేదు.

వస్తూనే చేసిన మొదటి పని, అమ్మ చేతిలోంచి కషాయం గొట్టం తీసి పక్కన పెట్టడం. "ఇప్పుడు దీనికి మింగే శక్తి లేదు మామ్మగారూ. మీరు పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అంది. థర్మామీటరు పెట్టి చూసింది. ఆరోగ్యంగా ఉన్న గేదెకి నూట ఒక్క డిగ్రీ అటూ ఇటూగా ఉండాలి, దీనికి తొంభై ఏడే ఉంది. "జ్వరం లేదు, చల్లబడిపోతోంది. పాలజ్వరం అంటారు గానీ పేరులోనే జ్వరం" అంటూ గేదెని ఒక పక్కకి ఒరిగిపోకుండా రొమ్ము మీద కూర్చోబెట్టి, రెండు వైపులా గడ్డి నింపిన గోతాలు దన్ను పెట్టించింది. ఒరిగి పడుకుంటే పొట్ట ఉబ్బుతుందట. నెమరుకొచ్చింది గొంతులోకి పోయి ఊపిరాడదట. ఒంటి మీద గోనెపట్టాలు కప్పించింది. అన్నీ చేసి డాక్టరుగారికి ఫోను చేసి, గుర్తులన్నీ ఒక్కొక్కటిగా చెప్పి, "వస్తున్నారు, గంటలోపు" అంది.

అమ్మకి ఒళ్ళు మండింది. "గంటా! ఈలోపు ఇది ఉంటుందా? నువ్వెందుకొచ్చినట్టు? బాటిల్ ఎక్కించు!"

"బాటిల్ నా సంచీలోనే ఉంది మామ్మగారూ. ఎక్కించడం చేతకాక కాదు. కాల్షియం నరంలోకి వెళ్తున్నంతసేపూ ఎవరో ఒకరు గుండె వింటూ ఉండాలి. తొందరగా దిగితే గుండె ఆగిపోతుంది. ఆయన వింటారు, నేను పట్టుకుంటాను."

ఇరవై ఏడేళ్ళ తర్వాత, ఒక పాతికేళ్ళ పిల్ల నోటి నుంచి, మా పాత గేదె ఎందుకు చచ్చిపోయిందో నాకు తెలిసింది.

డాక్టరుగారు గంటలోపే వచ్చారు. ఆ అమ్మాయి అప్పటికే నాలుగువందల యాభై మిల్లీలీటర్ల సీసాని గోరువెచ్చని నీళ్ళలో పెట్టి ఉంచింది. ఆయన స్టెతస్కోపు గుండె మీద పెట్టి కూర్చుంటే, తను సీసా పట్టుకుని ఆయన కళ్ళలోకి చూస్తూ ఎత్తుతూ, దించుతూ ఉంది. పావుగంట పైనే పట్టింది. మధ్యలో ఆయన చెయ్యెత్తితే ఆపేసింది, మళ్ళీ తలూపితే మొదలుపెట్టింది. సీసా అడుగంటుతుండగా గేదెకి ఒళ్ళంతా సన్నగా వణుకొచ్చింది. త్రేన్చింది. పేడ వేసింది. కాసేపటికి ముందు వెనక కాళ్ళు ఎత్తి, తర్వాత ముందు కాళ్ళు ఆన్చి లేచి నిలబడింది! అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మా పెద్దమ్మాయి, పదో తరగతి చదువుతోంది, ఆ అమ్మాయి పక్కనుంచి కదల్లేదు.

వెళ్ళేముందు డాక్టరుగారి కంటే ఆ అమ్మాయే ఎక్కువ జాగ్రత్తలు చెప్పింది. రెండు రోజులు పొదుగు పూర్తిగా పిండెయ్యకూడదు. దూడకి సరిపడా, ఇంకాస్త తీసి వదిలెయ్యాలి. పాలతోపాటే ఒంట్లో సున్నం పోయి ఇదొస్తుంది కనక. మళ్ళీ పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి రాత్రి ఒకసారి లేచి చూడాలి. ఆస్పత్రిలో డాక్టరు రౌండ్స్ అయ్యాక నర్సు వచ్చి మంచం పక్కన నిలబడి చెబుతుంది చూడండీ, అచ్చంగా అలా.

మా ఊరి పక్కనే ఉన్న బడి

టీ తాగుతూ "ఎక్కడ చదివావమ్మా?" అని అడిగాను. "మీ గూడెం దగ్గరే అక్కా, వెంకట్రామన్నగూడెంలో" అంది. నాకు సిగ్గేసింది. మా ఇంటికి అంత దగ్గర! ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్న ఊరని తెలుసు. మొక్కల కోసం ఎన్నిసార్లో వెళ్ళాను. ఆ ఊళ్ళోనే తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి పశు సంవర్ధక పాలిటెక్నిక్ ఉందనీ, గేదెల పరిశోధన స్థానం ఉందనీ ఎన్నడూ పట్టించుకోలేదు. కంచెకి ఇవతల మామిడి అంటు బేరమాడి వచ్చేశాను, అంతే.

ఆ అమ్మాయి వాళ్ళదీ లంక ఊరే. వాళ్ళ నాన్నకి చేపల చెరువులో చిన్న వాటా ఉండేది. 2006లో కొల్లేటి అభయారణ్యంలో చెరువుగట్లు కొట్టేసినప్పుడు అది పోయింది. అప్పుడు వాళ్ళమ్మ డ్వాక్రా అప్పుతో ఒక గేదెని కొంది. ఆ గేదే ఇద్దరు పిల్లల్ని చదివించింది. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయి. ఊళ్ళో అందరూ విజయవాడ కాలేజీల పేర్లు చెబుతుంటే, స్కూల్లో మాస్టారొకాయన ఈ డిప్లొమా గురించి చెప్పారట. పదో తరగతి తర్వాత రెండేళ్ళు, హాస్టల్లో ఉండి చదవాలి.

"మా బాబాయి ఒక వారం మాట్లాడలేదక్కా. 'ఇంట్లో పేడ తీస్తున్నది చాలదా, దానికి చదువు కూడానా' అన్నాడు. మా అమ్మ మాత్రం 'పేడ తీసేది మేమే కదా, మందు వేసేది కూడా మేమే నేర్చుకుంటే తప్పేంటి' అంది."

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నిజమే కదండీ! పల్లెల్లో గడ్డి కోసేది ఆడది, కుడితి కలిపేది ఆడది, పాలు పితికేది ఆడది, దూడ చస్తే దాని పక్కన కూర్చుని ఏడ్చేది ఆడది. సంచీ పట్టుకుని మందు వెయ్యడానికి వచ్చేవాడు మాత్రం ఎప్పుడూ మగవాడే. ఆ మగవాడితో మాట్లాడేది ఇంటి మగవాడు.

బలం కాదు, తాడు

ఏం నేర్పుతారు అని అడిగితే నవ్వింది. "మొదట పశువు దగ్గరికి ఎలా వెళ్ళాలో నేర్పుతారు. మనం పుట్టినప్పట్నుంచీ గేదెల మధ్యే ఉన్నాం, ఇదేంటి అనుకున్నా. కొత్త గేదె దగ్గరికి వెళ్ళగానే తెలిసింది, నాకు మా గేదె ఒక్కటే తెలుసని."

ఎముకలు, కండరాలు, పేగులు, నాలుగు గదుల పొట్ట. అయిదారు క్వింటాళ్ళ పశువుని దెబ్బ తగలకుండా నేల మీద పడుకోబెట్టడం. మెడకో ముడి, ఛాతీ చుట్టూ ఒక చుట్టు, నడుం చుట్టూ ఒక చుట్టు వేసి వెనక నుంచి నిదానంగా లాగితే అదే మోకాళ్ళు వంచి పడుకుంటుందట. "ఆడపిల్లలం మా వల్ల కాదనుకున్నాం. బలం కాదక్కా, తాడు. తాడు ఎక్కడ వెయ్యాలో తెలిస్తే చాలు."

టీకా మందు తయారైన చోటి నుంచి పశువు ఒంట్లోకి వెళ్ళేదాకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. ఎండలో స్కూటీ సీటు మీద పెట్టి కబుర్లు చెబితే వేసేది టీకా కాదు, ఉత్త నీళ్ళే. అందుకే ఆ ఐస్ పెట్టె. వానలకి ముందు గొంతువాపుకీ, జబ్బవాపుకీ టీకాలు. గాలికుంటుకి ఏడాదికి రెండుసార్లు. ఆడదూడలకి నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో, జీవితంలో ఒక్కసారే, బ్రూసెల్లా టీకా. 2019లో కేంద్ర ప్రభుత్వం ఈ గాలికుంటు, బ్రూసెల్లా టీకాల కార్యక్రమం దేశమంతటా మొదలుపెట్టింది. గేదెల చెవులకి పసుపుపచ్చ బిళ్ళలు చూసే ఉంటారు. దాని మీద ఉండే పన్నెండంకెల నంబరే దాని ఆధార్ కార్డు.

కృత్రిమ గర్భధారణ గురించి అడగడానికి నేనే కాస్త మొహమాటపడ్డాను. ఆ పిల్ల పడలేదు. సున్నాకి కింద 196 డిగ్రీల చలిలో, ద్రవ నైట్రోజన్ క్యానులో ఉండే సన్నటి గొట్టాన్ని తీసి, ముప్ఫై ఏడు డిగ్రీల నీళ్ళలో అర నిమిషం ఉంచి, వెంటనే వెయ్యాలి. పొద్దున ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున. గేదెలతో చిక్కేంటంటే చాలావాటిది మూగ ఎద. అరవవు, ఆరాటపడవు. ఆ రోజు దాటితే మళ్ళీ మూడు వారాలు.

"కొత్తలో రైతులు నాతో చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళు. 'మగ సారు లేరా అమ్మా' అని వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు. ఏడుపొచ్చేది. తర్వాత ఆడవాళ్ళే రావడం మొదలుపెట్టారు. 'అమ్మాయ్, నిన్న సాయంత్రం పాలు తగ్గించింది, తీగ వేసింది, మాటిమాటికీ ఒంటేలు పోస్తోంది' అని గంటతో సహా చెబుతారు. పాలు పితికే మనిషికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఇదివరకు వాళ్ళు మొగుళ్ళకి చెబితే, మొగుళ్ళు తీరిగ్గా రెండు రోజులకి వచ్చి చెప్పేవాళ్ళు!"

ఇంకో విషయం నా కథల పుస్తకాల్లో ఎక్కడా దొరకనిది చెప్పింది. కొల్లేటి ఒడ్డున బురదలో మేసే గేదెలకి దవడ కింద సంచిలా నీరు దిగి, చిక్కిపోయి, పాలు ఎండిపోవడం మేం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. అమ్మవాళ్ళు దాన్ని చెరువు నీటి దోషం అనేవారు. అది కార్జంలో చేరే జలగట. నీటి నత్తల్లో పెరిగి, గడ్డికి అంటుకుని, కడుపులోకి పోతుంది. పేడని సూక్ష్మదర్శినిలో చూస్తే గుడ్లు కనిపిస్తాయి. మామూలు నట్టల మందులన్నిటికీ అది చావదు, దాని మందు దానికే పడాలి. "చెరువు నీటి దోషం అనడం తప్పేం కాదు మామ్మగారూ, మీరు సగం కరెక్టే" అని అమ్మని సముదాయించింది కూడా!

చట్టం గీసిన గీత

ఆ రోజు ఆ అమ్మాయి సీసా ఎత్తకుండా ఆగింది చూశారూ, అది భయం కాదు. 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం పశువులకి వైద్యం చెయ్యాల్సింది కౌన్సిల్లో నమోదైన పశువైద్యులే. డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు చిన్న చిన్న సేవలు చెయ్యవచ్చు, అదీ నమోదైన డాక్టరు పర్యవేక్షణలో, వారి ఆదేశం మేరకు. డాక్టరు చదువు వేరు, ఇంటర్ తర్వాత అయిదున్నరేళ్ళు. మనకి దగ్గర్లో గన్నవరంలో 1998 నుంచి పశువైద్య కళాశాల ఉంది.

మరి ఈ అమ్మాయిని ఏమని పిలవాలి? లైవ్‌స్టాక్ అసిస్టెంటు, పారావెట్, సహాయకురాలు... ఊళ్ళో అయితే "చిన్న డాక్టరమ్మ." నర్సు అని మాత్రం ఎవరూ అనరు. మన దేశంలో మనుషుల నర్సులకి ఉన్నట్టుగా పశువుల నర్సు అనే విడి వృత్తి ఇంకా స్థిరపడలేదు. ఇంగ్లండులో 1961లోనే దీనికి శిక్షణ, పరీక్షలు మొదలయ్యాయి. తమాషా ఏంటంటే అక్కడా మొదట్లో నర్సు అననివ్వలేదు, ఆ పేరు మనుషుల నర్సులదని. "యానిమల్ నర్సింగ్ ఆక్సిలరీ" అని పిలిచేవారు. వెటర్నరీ నర్సు అనే పేరు దక్కడానికి 1984 దాకా పట్టింది. ఇప్పుడక్కడ రిజిస్టరు కావాలంటే పాఠాలతో పాటు ఆస్పత్రిలో కనీసం పద్ధెనిమిది వందల గంటలు పని చెయ్యాలి. మత్తిచ్చిన కుక్క కళ్ళు తెరిచేదాకా పక్కన కూర్చోవడం కూడా అందులో ఒక పాఠం.

కుక్క అంటే గుర్తొచ్చింది. ఏలూరులో మా వదినగారింట్లో పెంపుడు కుక్కకి పార్వో వచ్చింది. రక్తవాంతులు, విరేచనాలు. డాక్టరు మందు రాసి వెళ్ళాక మూడు రోజులు సెలైన్ చూసుకుంది అక్కడ ఊడ్చే కుర్రాడు. పాపం, వాడు ప్రాణం పెట్టి చూశాడు, కుక్క బతికింది. కానీ పక్క బోనులో టీకా కోసం వచ్చిన పిల్లకుక్కని కూడా అదే చేత్తో ఎత్తుకుంటుంటే మా వదినే కంగారుపడి చెయ్యి కడుక్కోమంది. పార్వో అలాగే అంటుకుంటుందని వాడికెవరూ చెప్పలేదు. పట్నాల్లో కుక్కలూ పిల్లులూ పెరిగాయి, క్లినిక్కులు పెరిగాయి. చదువుకున్న చేతులు మాత్రం పెరగలేదు. పెంపుడు జంతువుల నర్సింగు కోసం ప్రత్యేకంగా ఒక కోర్సు మన పాలిటెక్నిక్కుల్లో పెడితే ఎంతమంది ఆడపిల్లలు చేరతారో!

పుస్తకంలో లేనివి

ఆ తర్వాత నెలలోనే, 2025 ఫిబ్రవరిలో, గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు, ఆపైన మా గూడెం నుంచి ఏలూరు వెళ్ళే దారిలోనే ఉన్న బాదంపూడి. మనం ఇళ్ళల్లో "చికెన్ తినొచ్చా, గుడ్డు ఉడకబెడితే పోతుందా" అని మాట్లాడుకుంటున్నాం. (బాగా ఉడికిస్తే భయం లేదు.) అప్పుడు ఆ షెడ్లలోకి నిలువెల్లా ముసుగులు తొడుక్కుని వెళ్ళింది పశుసంవర్ధక శాఖ సిబ్బందే. రోగం తేలిన చోటి నుంచి కిలోమీటరు లోపల ఉన్న కోళ్ళన్నిటినీ చంపి, పాతిపెట్టాలి. ఈ అమ్మాయి క్లాస్‌మేటు ఒకతె వెళ్ళిందట. "బతికించడం నేర్పారు గానీ ఇది నేర్పలేదే అని ఫోన్లో ఏడ్చిందక్కా. షెడ్డు బయట యజమాని భార్య నిలబడి ఉందంట, 'నెమ్మదిగా పట్టుకో అమ్మా' అందంట, అంతే."

దానికంతకు ముందు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు నిండినప్పుడు, ఏలూరు-కైకలూరు రోడ్డు మునిగినప్పుడు, ఈ అమ్మాయి నడుం లోతు నీళ్ళలో టీకాల పెట్టె నెత్తిన పెట్టుకుని తిరిగింది. నెలసరి రోజుల్లో రాత్రీ పగలూ తిరుగుడు, మార్చుకోవడానికి చోటు లేదు. ఇవన్నీ నవ్వుతూనే చెప్పింది గానీ, నవ్వుతూ చెప్పింది కదా అని మనం తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంకో మాట మనందరికీ పనికొచ్చేది. ఈడ్చుకుపోయిన దూడనీ, మాయనీ మన ఆడవాళ్ళు వట్టి చేతులతో తీసి పారేస్తుంటారు. బ్రూసెల్లా ఉన్న పశువైతే ఆ రోగం మనిషికీ వస్తుంది. వదలని జ్వరం, కీళ్ళనొప్పులు. ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్ళు అటు వెళ్ళకూడదు. చేతులకి తొడుగు, లేకపోతే కనీసం మందమైన ప్లాస్టిక్ సంచీ, ఆ తర్వాత సబ్బు. మాయని లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి, కుక్కలకి వెయ్యకూడదు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు పిచ్చికుక్క కాటు టీకా ముందుగానే వేయించుకోవాలని కూడా చెప్పింది.

మీ ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంటే

అడిగేవాళ్ళ కోసం చెబుతున్నాను. పదో తరగతి తర్వాత విశ్వవిద్యాలయం వారి రెండేళ్ళ పశు సంవర్ధక డిప్లొమా ఉంది. నోటిఫికేషను పడినప్పుడు దరఖాస్తు చేసుకోవాలి. వయసు, ఇతర అర్హతలు అందులోనే ఉంటాయి. ఇంటర్మీడియట్ బోర్డులో ఒకేషనల్ కోర్సుగా బహుళార్థ పశువైద్య సహాయకుల చదువు కూడా ఉండేది. 2019లో గ్రామ సచివాలయాలకి తొమ్మిది వేలకి పైగా పశు సంవర్ధక సహాయకుల పోస్టులు ప్రకటించినప్పుడు దాన్ని కూడా అర్హతగా తీసుకున్నారు. 2023 చివర్లో మరో 1,896 పోస్టులకి ప్రకటన వచ్చింది. అంటే, ఉద్యోగాలు ఏటేటా పడతాయని ఆశపెట్టుకోవద్దు. పాల డెయిరీలు, కోళ్ళ ఫారాలు, మందుల కంపెనీలు, 2022 మే నుంచి తిరుగుతున్న 1962 నంబరు పశువుల అంబులెన్సులు కూడా ఉన్నాయి. ఆ అంబులెన్సులో డాక్టరుతో పాటు ఒక డిప్లొమా మనిషి ఉంటారు.

చదువు మధ్యలో ఆగిపోయిన గృహిణులకీ దారి ఉంది. పొదుపు సంఘాల్లోంచి ఎంచుకుని పశుసఖులుగా తీర్చిదిద్దుతున్నారు. ఆ పశుసఖులకి మరికొంత శిక్షణ ఇచ్చి, గుర్తింపు ఇచ్చి, పశువుల ఆస్పత్రికీ ఊరికీ మధ్య మనిషిగా నిలపడానికి 2021 సెప్టెంబరులో కేంద్రంలో పశు సంవర్ధక శాఖ, గ్రామీణాభివృద్ధి శాఖ ఒప్పందం చేసుకున్నాయి. మీ సంఘం సమావేశంలో ఒకసారి అడిగి చూడండి.

గోడల మీద "ఆరు నెలల్లో పశువైద్య సర్టిఫికెట్" అని రాసి ఉంటే మాత్రం డబ్బు కట్టేముందు ఒకటే ప్రశ్న వెయ్యండి: ఏ విశ్వవిద్యాలయం, ఏ బోర్డు గుర్తించింది? కాగితం చూపించమనండి. మా చిన్నప్పటి సీసా మనిషికి కూడా, ఎవరైనా అడిగి ఉంటే, గోడకి తగిలించుకోవడానికి ఏదో ఒక కాగితం దొరికేది.

ఇక దాచకుండా ఒక సంగతి చెప్పాలి. పండగ నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా పెద్దది, "అమ్మా, నేనూ ఆ అక్క చదివింది చదవనా?" అంది. అంతవరకూ ఆ అమ్మాయిని ఆకాశానికెత్తిన నేను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "చదివితే డాక్టరు చదువు, అదెందుకే!" అనేశాను. అది నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "డాక్టరుగారు గంటకి వచ్చారు కదమ్మా. ఆ గంట గేదెని ఎవరు చూశారు?" అంది. మావారు కిటికీలోంచి బయటకి చూస్తూ వినిపించనట్టే ఉన్నారు. ఆ మాట మా ఇంట్లో ఇంకా తేలలేదు.

గేదె మళ్ళీ పడలేదు. పండగ అయిన నాలుగో రోజున అమ్మ ఫోను చేసింది. ఆ అమ్మాయికని మిరియం, బెల్లం వేసి జున్ను వండి పంపిస్తే, గిన్నె తిరిగి ఇస్తూ అడిగిందట, "దూడకి పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టారా మామ్మగారూ, లేక నాకోసం దాచారా?" అని.

"పట్టాకే పితికానని చెప్పాను. నమ్మలేదే! పాకలోకి వెళ్ళి దూడని చూసి మరీ వెళ్ళింది" అని అమ్మ ఒకటే నవ్వు.